నాన్న సలహా 1985ది, సీనియర్ సలహా 2010ది: వైజాగ్ ఫైనల్ ఇయర్ పిల్లల వెనకున్న కథ

ఏప్రిల్ వచ్చిందంటే వైజాగ్‌లో ఫైనల్ ఇయర్ పిల్లలున్న ఇళ్ళలో ఎవరికి వాళ్ళు సలహాలు మొదలెట్టేస్తారు. షిప్‌యార్డ్‌లో రిటైరైన తాతయ్య "ఎక్స్చేంజ్‌లో పేరు రాయించావేట్రా" అంటాడు, స్టీల్ ప్లాంట్ నాన్న "ముందు అప్రెంటిస్ చెయ్, తర్వాత చూద్దాం" అంటాడు, పిన్ని "డీఎస్సీ పడుతుందట కదా, బీఈడీ చేసేయ్" అంటుంది, గచ్చిబౌలిలో ఉన్న కజిన్ అన్నయ్య ఫోన్ చేసి "అక్కడేం ఉందిరా, హైదరాబాద్ వచ్చేయ్" అంటాడు. పిల్లలు అందరికీ తలూపేసి ఫోన్ చూసుకుంటారు. నాకనిపించేదేంటంటే వీళ్ళెవరూ తప్పు చెప్పట్లేదు, కాకపోతే ప్రతి ఒక్కరూ తనకి ఉద్యోగం వచ్చిన సంవత్సరం నుంచి మాట్లాడుతున్నారు. ఆ సంవత్సరం ఏదో తెలిస్తే సలహాలో ఎంత తీసుకోవాలో, ఎంత వదిలేయాలో తెలుస్తుంది. అందుకే కాస్త వెనక్కెళ్ళి చూద్దాం.

తాతయ్యల కాలంతో మొదలెడదాం. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరుకి వచ్చింది, హార్బర్ 1933లో తెరిచారు, 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ షిప్‌యార్డ్‌కి బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు, 1948 మార్చిలో నెహ్రూ వచ్చి జల ఉష అనే ఓడని నీళ్ళలోకి దింపారు. ఆ కంపెనీ పేరు పోయి హిందుస్తాన్ షిప్‌యార్డ్ అయ్యి డెబ్భై ఏళ్ళు దాటినా ఆ ఏరియాని మనం ఇప్పటికీ సింధియా అనే అంటాం, అదీ మన ఊరి సంగతి. తర్వాత 1957లో కాల్టెక్స్ రిఫైనరీ (ఇప్పటి హెచ్‌పీసీఎల్), 60ల్లో బీహెచ్‌పీవీ, ఎరువుల ఫ్యాక్టరీ, 70ల్లో జింక్ స్మెల్టర్, ఇంకోపక్క నేవల్ డాక్‌యార్డ్. మల్కాపురం నుంచి గాజువాక దాకా ఒక్కో గేటు ముందు ఒక్కో కాలనీ వెలిసింది, శ్రీకాకుళం విజయనగరం పల్లెల నుంచి కుర్రోళ్ళు ఐటీఐ చేసి ఇక్కడికొచ్చి సెటిలైపోయారు.

ఈ ఉద్యోగాలన్నిటికీ దారి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్ ఉన్న కంచరపాలెం మీదుగానే. 1959లో కేంద్రం ఒక చట్టం తెచ్చింది, దాని ప్రకారం ఖాళీలు ఉంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్‌కి తెలియజేయాలి. చట్టంలో ఉన్నది తెలియజేయడం వరకే, అక్కడి నుంచే తీసుకోవాలని లేదు. కానీ ప్రాక్టికల్‌గా ఏం జరిగిందంటే ప్రభుత్వ సంస్థలు ఎక్స్చేంజ్ పంపిన పేర్ల నుంచే పిలిచేవి, అంటే కార్డు లేకపోతే నువ్వు లేనట్టే. ఆ కార్డు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రిజిస్ట్రేషన్ నంబరు, చేరిన తేదీ, చదువు, వెనకవైపు మూడేళ్ళకోసారి రెన్యువల్ ముద్రలు. ఒక్క రెన్యువల్ మిస్సయితే సీనియారిటీ గోవిందా. అందుకే ఆ తరం వాళ్ళు రేషన్ కార్డుతో పాటు దాన్ని కూడా పాలిథిన్ కవర్లో పెట్టి ట్రంకు పెట్టెలో దాచేవారు, టెన్త్ పాసవగానే ఒకసారి, ఐటీఐ అవగానే ఇంకోసారి వెళ్ళి ఎక్కించుకునేవారు, డిగ్రీ పరీక్ష రాసి ఫలితాలు రాకముందే క్యూలో నిలబడినవాళ్ళూ ఉన్నారు.

అది ఎప్పుడు మారిందంటే 1996లో, అదీ మన రాష్ట్రం కేసుతోనే. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ ఆఫీసు నియామకాల మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఎక్స్చేంజ్ పంపిన పేర్లు మాత్రమే చూస్తే మిగతావాళ్ళకి అన్యాయం కాబట్టి పేపర్లో కూడా ప్రకటన ఇవ్వాలి, అప్లై చేసినవాళ్ళందర్నీ చూడాలి అని కోర్టు చెప్పింది. ఆ తీర్పుతో ట్రంకు పెట్టెలో కార్డు విలువ సగం పోయింది, మిగతా సగం ఆన్‌లైన్ అప్లికేషన్లు వచ్చాక పోయింది. తాతయ్య అడిగితే పేరు రాయించండి, నష్టం లేదు, జాబ్ మేళా కబుర్లైనా తెలుస్తాయి. అక్కణ్ణించి కాల్ లెటర్ వస్తుందని మాత్రం కూర్చోకండి.

ఇక నాన్నల కాలం, అంటే ఉక్కు. ఈ కథ అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే వేరేగా కనిపిస్తుంది. 1966 అక్టోబర్‌లో వైజాగ్‌కి ఉక్కు ఫ్యాక్టరీ కావాలని అమృతరావు గారు నిరాహార దీక్షకి కూర్చున్నారు, యూనివర్సిటీ పిల్లలు క్లాసులు వదిలేసి రోడ్డెక్కారు, నవంబర్ 1న వైజాగ్‌లో కాల్పులు జరిగాయి, రాష్ట్రం మొత్తం మీద 32 మంది పోయారని చెప్పుకుంటాం. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంట్‌లో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన, తర్వాత ఏళ్ళకేళ్ళు డబ్బుల్లేవు, ప్లాంట్‌ని నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్ కంపెనీ పుట్టిందే 1982లో, పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్ట్ 1న. 66లో ఇరవై ఏళ్ళ వయసులో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని అరిచిన స్టూడెంట్‌కి ప్లాంట్ జాతికి అంకితమయ్యేసరికి 46 ఏళ్ళు. ఉద్యోగాలు 80ల్లోనే మొదలయ్యాయనుకోండి, అయినా అవి ఎక్కువగా దక్కింది కొట్లాడిన బ్యాచ్‌కి కాదు, వాళ్ళ తర్వాత తరానికి. భూములిచ్చిన ఊళ్ళవాళ్ళకి ఆర్ కార్డులు (ఉద్యోగం కోసం నిర్వాసితులకిచ్చిన కార్డులు) ఇచ్చారు, ఆ కార్డు మీద ఉద్యోగం రాని ఇళ్ళలో మూడో తరం పిల్లలు ఇప్పుడు బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నారు, అది వేరే పెద్ద కథ.

మరి నాన్న చెప్పే అప్రెంటిస్ మాటకి మూలం ఏంటంటే 1961 అప్రెంటిస్ చట్టం. మొదట్లో ఐటీఐ ట్రేడుల వాళ్ళకే, 1973లో సవరించి డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లని కూడా కలిపారు. 70, 80ల్లో కొత్త ప్లాంట్లు లేస్తున్నప్పుడు అప్రెంటిస్ చేసిన కుర్రాడిని అక్కడే ఉంచేసుకునేవారు, కాబట్టి నాన్న దృష్టిలో అప్రెంటిస్ అంటే సగం ఉద్యోగం వచ్చినట్టే. కానీ అప్పటి చట్టంలోనే రాసి ఉండేది, ముందే ఒప్పందం ఉంటే తప్ప శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత సంస్థకి లేదని. 1995లో యూపీ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు మిగతావన్నీ సమానంగా ఉంటే ట్రైనింగ్ అయినవాడికి ప్రాధాన్యం ఇవ్వమంది, అంతవరకే. 91 తర్వాత ప్రభుత్వ సంస్థల్లో కొత్త పోస్టులే తగ్గిపోయి పనంతా కాంట్రాక్టర్ల చేతిలోకి వెళ్ళిపోయాక ప్రాధాన్యం ఉండి ఏం లాభం.

అలాగని అప్రెంటిస్ దండగ అని నేననను, నిజానికి ఈ ఊళ్ళో ఇంకా పనికొచ్చే సలహాల్లో ఇదొకటి. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ చదివిన పిల్లకి నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వర్కింగ్ పంపు విప్పి చూసే ఛాన్స్ రాదు, రిఫైనరీలోనో షిప్‌యార్డ్‌లోనో ఏడాది ఉంటే వస్తుంది, తర్వాత పరవాడ ఫార్మా సిటీలోనో అచ్యుతాపురంలోనో ఇంటర్వ్యూకి వెళ్తే ఆ ఏడాది మాట్లాడుతుంది. నాట్స్ (కేంద్రం అప్రెంటిస్ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, 2019 రూల్స్‌లో డిగ్రీ వాళ్ళకి నెలకి కనీసం 9,000 స్టైపెండ్ అని పెట్టారు, ఇప్పుడెంతో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఒక మెలిక ఉంది, ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. నోటిఫికేషన్లలో మామూలుగా ఉండే రూల్ ఏంటంటే ఏడాది, ఆపైన ఎక్కడైనా పని అనుభవం ఉంటే అప్రెంటిస్‌కి అర్హత ఉండదు, ఒకసారి చేసినవాళ్ళకి రెండోసారి ఉండదు, పాసై ఎక్కువ ఏళ్ళైపోయినా తీసుకోరు. అంటే "ముందు ఏదో ఒక జాబ్ చేస్తా, కుదరకపోతే అప్రెంటిస్" అనే వరస పనిచెయ్యదు, తిరగేసి ఆలోచించుకోవాలి.

ప్లాంట్ విషయానికొస్తే 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మేయడానికి కేంద్ర కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకోవడం, కూర్మన్నపాలెం గేటు దగ్గర నిరసన టెంట్లు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ, ఇవన్నీ మీరు చూసినవే. ప్యాకేజీ ప్లాంట్ నిలబడ్డానికి, కొత్త రిక్రూట్‌మెంట్‌కి కాదు. రెండూ ఒకటనుకుని గాజువాకలో కొందరు పిల్లలు కోచింగ్‌లో చేరిపోతున్నారు, నాకైతే అది చూస్తే భయమేస్తుంది. ఇంజనీర్ పోస్టులకి చాలా ప్రభుత్వ సంస్థలు ఇప్పుడు గేట్ పరీక్ష స్కోరు మీదే తీసుకుంటున్నాయి, కాబట్టి ప్రభుత్వ సంస్థే కావాలంటే ఒక ప్లాంట్ కోసం కాదు, గేట్ కోసం చదవాలి, పోస్టింగ్ ఒడిశా పారాదీప్‌లో వచ్చినా వెళ్తాను అనుకునేవాళ్ళకే అది.

అన్నయ్య చెప్పే హైదరాబాద్ సలహా వయసు తక్కువే. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, అదే రోజుల్లో ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి, వైఎస్ హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంతకుముందు డిగ్రీతో ఆగిపోయే ఇళ్ళ పిల్లలు కూడా బీటెక్‌లో చేరారు, అది చిన్న విషయం కాదు. కానీ సీట్లు పెరిగినంత ఉద్యోగాలు పెరగలేదు, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కూలింది, ఆ టైంలో బయటికొచ్చిన బ్యాచ్‌లు అమీర్‌పేట హాస్టళ్ళలో ఒక్కో రూములో నలుగురైదుగురు సర్దుకుని కోర్సుల మీద కోర్సులు చేశారు. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు బాగా ముదిరిందీ అక్కడే. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూస్తారు, దొరికిపోతారు, ఆ సలహా ఎవరిచ్చినా వినకండి. 2014లో రాష్ట్రం విడిపోయింది, రాజధాని మనది కాకుండా పోయింది, ఉద్యోగాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి, ఆ అక్టోబర్‌లోనే హుద్‌హుద్ వచ్చి రుషికొండ కొండల మీద అద్దాల బిల్డింగులు పగిలిపోయాయి. ప్యాకేజీ సంగతి చెప్పక్కర్లేదు, పదిహేనేళ్ళ క్రితం ఫ్రెషర్‌కి మూడు, మూడున్నర లక్షలే, ఇవాళా చాలా కంపెనీల్లో అంతే, హాస్టల్ ఫీజు మాత్రం అప్పటిది కాదు.

ఇప్పుడు గాలి మళ్ళీ ఇటు తిరిగిందంటున్నారు. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ ఆఫీసు తెరిచారు, 2025లో టీసీఎస్‌కి 99 పైసలకి 21 ఎకరాల పైచిలుకు ఇచ్చారు, అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ అంది. సంతోషమే. కానీ 1970 ప్రకటనకీ 1992కీ మధ్య ఎన్నేళ్ళో పైన చూశాం కదా, ఇది అంత ఆలస్యం కాకపోవచ్చు గానీ 2026లో బయటికొచ్చేవాళ్ళు ప్రకటన చూసి ఏడాది ఖాళీగా కూర్చోవడం మాత్రం వద్దు. పైగా డేటా సెంటర్‌లో కట్టేటప్పుడు ఉన్నంత పని కట్టాక ఉండదు, ఉన్నదాంట్లో కూడా కోడింగ్ కంటే ఎలక్ట్రికల్, కూలింగ్, నెట్‌వర్క్ పనులు ఎక్కువ. ట్రిపుల్‌ఈ, మెకానికల్ పిల్లలు సొంత బ్రాంచ్ వదిలేసి హడావిడిగా పైథాన్ కోర్సులో చేరేముందు ఇదొకసారి ఆలోచించుకోవచ్చు.

ఆఫర్ లెటర్ వచ్చిందని మిగతావి ఆపేయకండి, 2022 బ్యాచ్‌లో పెద్ద కంపెనీల ఆఫర్ చేతిలో పెట్టుకుని రెండేళ్ళు జాయినింగ్ డేట్ కోసం చూసినవాళ్ళున్నారు. బాండ్ (ఇన్నేళ్ళలోపు మానేస్తే డబ్బు కట్టాలనే ఒప్పందం) ఉంటే సంతకం చేసేముందు పూర్తిగా చదవండి. "బాండ్లు కోర్టులో నిలబడవులే" అని సీనియర్లు తేలిగ్గా చెప్తారు, 2025 మేలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో రెండు లక్షల బాండ్ చెల్లుతుందనే చెప్పింది.

పిన్ని డీఎస్సీ మాటకి వస్తే, 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి, నిజమే, కానీ దానికి ముందు ఏళ్ళ తరబడి నోటిఫికేషన్ లేక ద్వారకానగర్ లైబ్రరీలో అవే కుర్చీల్లో అవే మొహాలు. రాష్ట్ర ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు పుస్తకం కొనేముందు చూసుకోవాల్సింది లోకల్ స్టేటస్. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత ఆరు సూత్రాల ఒప్పందం, దాన్నుంచి రాజ్యాంగంలో 371-డి, దాన్నుంచి 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. దాని ప్రకారం టెన్త్‌తో కలిపి వరసగా చివరి నాలుగేళ్ళు ఎక్కడ చదివావో అక్కడే నువ్వు లోకల్, కింది స్థాయి పోస్టుల్లో 80 శాతం లోకల్స్‌కి. మన దగ్గర ఏమవుతుందంటే ఐఐటీ ఫౌండేషన్ అని ఆరో క్లాసులోనే గుంటూరు, విజయవాడ హాస్టళ్ళలో వేసేస్తారు, పిల్లాడు పుట్టింది ఎంవీపీ కాలనీ, ఇల్లు ఎంవీపీ కాలనీ, పేపర్ మీద మాత్రం గుంటూరు లోకల్. వెరిఫికేషన్ రోజు తెలిసి ఏడ్చినవాళ్ళున్నారు.

అందుకని కాలేజీ అయిపోయేలోపు పీసీ (ప్రొవిజనల్), సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), టీసీతో పాటు నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా తెచ్చి పెట్టుకోండి. రీయింబర్స్‌మెంట్ బాకీ ఉందని కాలేజీ మీ ఒరిజినల్స్ పట్టుకుంటే, ఒరిజినల్స్ ఉంచుకోకూడదని యూజీసీ 2016లోనే చెప్పింది, ఆ కాపీ జతచేసి ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా లెటరిచ్చి ఎక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, నోటిమాటగా అడిగితే తిప్పుతూనే ఉంటారు. చదివిన స్కూల్ మూతపడి ఉంటే రికార్డులు ఎక్కడున్నాయో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇప్పుడే అడగండి, నోటిఫికేషన్ పడ్డాక వెళ్తే అక్కడ మీలాంటోళ్ళు యాభై మంది ముందే ఉంటారు.