పిల్లికి ఆయాసం వస్తే ఊపిరితిత్తుల క్యాన్సరేనా?

విజయనగరంలో పశువైద్యం చేస్తున్నాను. కిందటి వానాకాలం చింతపల్లి రేవు నుంచి ఒకామె రెండేళ్ల పిల్లిని చేపలబుట్టలో పెట్టుకుని తెచ్చింది. నోరు తెరిచి, డొక్కలెగరేస్తోంది. "ఊపిరాడతల్లేదు డాక్టరు బాబూ. వైరస్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సరంట. ఇంట్లో పసిపిల్లలున్నారు, మాకూ అంటుకుంటాదేటి?" అంది. ఆ మాటలు చాలామంది నోట విన్నాను.

అపోహ: వైరస్ సోకితే పిల్లికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: అలా జరిగేది గొర్రెల్లో. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రెకు ఒక వైరస్ వల్లే ఊపిరితిత్తుల్లో గడ్డలొచ్చాయి. 2003లో, ఆరేళ్లకే కారుణ్య మరణం ఇవ్వాల్సి వచ్చింది. పిల్లులకు వచ్చేది ఫీలైన్ లుకేమియా వైరస్. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దీన్ని కనుగొంది. ఇది ఎముక మజ్జనీ, రోగాలతో పోరాడే లింఫు కణాలనీ పట్టుకుంటుంది. వయసులో ఉన్న పిల్లికైతే గుండెకు ముందు, థైమస్ గ్రంథి దగ్గర లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) గడ్డ పెరిగి, ఛాతీలో నీరు చేరుతుంది. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, విచ్చుకోవడానికి వాటికి చోటుండదు.

ఈ తేడా తెలియాలి. సూదితో ఆ నీరు తీస్తే పిల్లి అప్పటికప్పుడు తేరుకుంటుంది. కీమోతో కొన్ని నెలలు హాయిగా గడిపే పిల్లులున్నాయి, పూర్తిగా నయమవుతుందని మాత్రం చెప్పలేను. ఊపిరితిత్తుల్లోనే పుట్టే క్యాన్సర్ పిల్లుల్లో అరుదు, అదీ ఎక్కువగా పదేళ్లు దాటాకే. కొన్నిసార్లు దగ్గు కూడా ఉండదు. గడ్డ కాలివేళ్లకు పాకి, కుంటుతూ వస్తుంది.

అపోహ: మనుషులకు అంటుకుంటుంది.

అంటుకోదు. కుక్కలకూ సోకదు. పిల్లి నుంచి పిల్లికి ఎంగిలి ద్వారా పోతుంది: ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కాట్లు. తల్లి నుంచి కూనలకూ వస్తుంది. ఒంటి బయట ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు, సబ్బునీళ్లు చాలు.

అపోహ: పరీక్షలో పాజిటివ్ వస్తే రేవులో వదిలేయడమే.

దయచేసి ఆ పని చేయకండి. వలల్లోంచి చేపలు తీసేచోట పది పిల్లులు ఒకే కుప్ప మీద పడి తింటాయి, రోగం అన్నిటికీ పాకుతుంది. పైగా, ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్లుల్లో కొన్ని ఈ వైరస్‌ను అణచిపెట్టుకోగలవు. కొన్ని వారాలాగి మళ్లీ రక్తపరీక్ష చేయించాలి. అందాకా ఇంట్లోనే, వేరే గిన్నెతో ఉంచండి.

అపోహ: టీకా వేయించాం కదా!

మనవైపు మామూలుగా వేసే మూడు రోగాల టీకాలో ఈ లుకేమియా వైరస్‌కు మందు ఉండదు.

పొగ సంగతి కూడా చెప్పాలి. శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ (చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని) తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. పొగలోని విషం పిల్లి బొచ్చు మీద పేరుకుంటుంది, అది నాక్కుని మింగుతుంది. పొగతాగే ఇళ్లలోని పిల్లులకు లింఫోమా ముప్పు రెట్టింపుకు మించి ఉందని 2002లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది.

పిల్లి నిద్రలో ఉన్నప్పుడు డొక్క కదలికలు లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటితే చూపించండి. నోరు తెరిచి రొప్పుతుంటే ఆ క్షణమే బయల్దేరండి. గట్టిగా పట్టుకోకండి, వెల్లకిలా పడుకోబెట్టకండి. మన పారాసెటమాల్ బిళ్ల ముక్క కూడా వేయకండి, పిల్లికి అది ప్రాణాంతకం.