టైటానియం పొడిలోకి నైట్రోజన్ ఎలా దూరుతుంది

పిల్లలూ,

హార్డ్‌వేర్ షాపులో బంగారు రంగు డ్రిల్ బిట్లు చూసే ఉంటారు. పైన ఉన్నది బంగారం కాదు, టైటానియం నైట్రైడ్, అంటే టైటానియం, నైట్రోజన్ రసాయనికంగా కలిసి ఏర్పడిన పదార్థం. ఆ పూత వేసే పద్ధతి వేరు, దాని జోలికి ఇప్పుడు పోను. అదే నైట్రైడ్‌ను పొడిగా చేసే పద్ధతిలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది, అది చెప్తాను.

గాలిలో 78 శాతం నైట్రోజనే కదా, మరి డబ్బాలో ఉన్న టైటానియం పొడి దానంతట అది నైట్రైడ్ ఎందుకు అయిపోదు? నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఓ పట్టాన విడిపోవు. ఇటు లోహపు రేణువు మీదేమో పాల మీద మీగడలా పలచని ఆక్సైడ్ పొర. అందుకే మామూలుగా కొలిమిలో పెట్టి వెయ్యి డిగ్రీల దాకా కాలుస్తారు.

అదే పొడిని స్టీలు బాల్స్‌తో కలిపి గట్టి డ్రమ్ములో వేసి, గాలి లాగేసి, నైట్రోజన్ నింపి గంటల తరబడి తిప్పారనుకోండి. దీన్నే బాల్ మిల్లు అంటారు. పొడి మెత్తబడుతుంది, అంతే కదా అనుకుంటారు చాలామంది, కానీ అసలు పని అది కాదు. బాల్స్ మధ్య చిక్కిన రేణువు అప్పడంలా చదునవుతుంది, పక్కదానికి అతుక్కుంటుంది, మళ్లీ విరుగుతుంది, విరిగిన ప్రతిసారీ ఏ పొరా లేని తాజా లోహం బయటపడుతుంది, నైట్రోజన్ వెంటనే దాన్ని అంటుకుంటుంది. లోపల పరమాణువుల వరసలు కూడా చెదిరి గ్యాసుకు దారులు దొరుకుతాయి. అలా చాలాసేపు తిప్పితే కొలిమి లేకుండానే నైట్రైడ్ తయారవుతుంది! డ్రమ్ములో ప్రెషర్ తగ్గుతూ పోతోందంటే గ్యాసు పొడిలోకి వెళ్తోందన్నమాట.

సిలికాన్ సంగతి కాస్త వేరు. దాన్ని మిల్లులో ఆడించాక కూడా కొలిమిలో పెడతారు, ఆడించిన పొడి మాత్రం తొందరగా నైట్రైడ్ అవుతుంది. ఆ తొందరతోనే ఒక చిక్కు. ఈ చర్యలో వేడి పుడుతుంది, అది ఒక్కసారిగా పెరిగి 1414 డిగ్రీలు దాటితే సిలికాన్ కరిగి ముద్దకడుతుంది, ముద్ద లోపలికి నైట్రోజన్ అందదు. అందుకే మంట నెమ్మదిగా పెంచాలి.

మిల్లును మరీ ఎక్కువసేపు తిప్పినా నష్టమే, బాల్స్ అరిగి ఇనుము పొడిలో కలుస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. పూర్తిగా నైట్రైడ్ కాని తాజా టైటానియం పొడికి గాలి తగిలితే నిప్పంటుకోవచ్చు. అందుకే డ్రమ్ము చల్లారాక, దేనితోనూ కలవని ఆర్గాన్ గ్యాసు నింపిన గ్లవ్ బాక్సులో, అంటే బయటినుంచి గ్లవ్స్‌లో చేతులు దూర్చి పనిచేసే మూసిన పెట్టెలో పెట్టి మూత తీస్తారు.

మీ తాతయ్య