నందంబాక్కం సమాధులు: ఎక్కడివారు, ఇక్కడికెలా వచ్చారు?

చెన్నై ట్రేడ్ సెంటర్‌లో ప్రదర్శనలు చూడటానికి వెళ్లే తెలుగువారిలో చాలామంది నందంబాక్కంలో మౌంట్-పూనమల్లి రోడ్డు మీద సమాధులున్న ఆ పచ్చిక మైదానాన్ని, మధ్యలోని రాతి శిలువను చూసే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసుపై గుండ్లు కురిపించినప్పుడు చనిపోయినవారి సమాధులనుకుంటారు కొందరు. అది 1914 సెప్టెంబరు 22 నాటి మాట. ఇక్కడున్న 856 సమాధులు రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికులవి.

ఆ మాటకొస్తే వీరిని మొదట పూడ్చింది ఇక్కడ కాదు. దక్షిణ, తూర్పు భారతంలోని కంటోన్మెంట్లలో, ఊళ్లలోని సాధారణ శ్మశానాల్లో చెదురుమదురుగా ఉండేవారు. బ్రిటిష్ సైన్యం వెళ్లిపోయాక ఆ సమాధులను ఎల్లకాలం ఎవరు చూసుకుంటారు? మన ఊళ్లలో పాత దొరల సమాధులు ముళ్లకంపల్లో ఎలా కలిసిపోయాయో తెలిసినవారికి ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. అందుకే యుద్ధాల్లో మరణించిన సైనికుల సమాధులను చూసుకునే ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్) 1952లో నందంబాక్కంలో ఈ స్థలం సిద్ధం చేసి, వారందరినీ ఇక్కడికి చేర్చింది. మొదటి యుద్ధంలో మరణించి, ఎక్కడెక్కడో నిర్వహణ సాధ్యంకాని శ్మశానాల్లో ఉండిపోయిన వెయ్యిమందికి పైగా సైనికులకు మాత్రం వెనకవైపు స్మారకం మీద పేర్లే దక్కాయి.

1917లో ఏర్పడిన ఆ కమిషన్ నియమం గొప్పదే: అధికారి అయినా సిపాయి అయినా మరణంలో తేడా చూపకూడదు. ఆచరణలో ఆ నియమం అందరికీ అందలేదు. మొదటి యుద్ధంలో చనిపోయిన 45 వేల నుంచి 54 వేల మందికి, వారిలో భారతీయులూ ఆఫ్రికన్లూ ఎక్కువ, సమాన స్మరణ దక్కలేదని 2021లో కమిషన్ నివేదికే ఒప్పుకుంది. క్షమాపణా చెప్పింది.

మరి మనవాళ్లెక్కడ? హిందూ, సిక్కు సైనికులకు దహనమే ఆచారం కనుక వారికి సమాధులు ఉండవు, పేర్లే ఉంటాయి. రెండు యుద్ధాలకూ సైనికులను పంపిన పశ్చిమ గోదావరి మాధవరంలో ఎవరైనా ముత్తాత పేరు వెతకాలనుకుంటే నందంబాక్కం రావడం దండగ. రెండో యుద్ధమైతే, ఆయన చనిపోయిన చోటును బట్టి ఢిల్లీలోనో రంగూన్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న స్మారకాల్లో చూడాలి. కమిషన్ వెబ్‌సైటులోనూ వెతకవచ్చు. కాకపోతే నాటి గుమాస్తా మన ఇంటిపేరును ఇంగ్లిషులో ఏ అక్షరాలతో రాశాడో ముందుగా ఊహించాలి.