కమల వివాదంలో తేలాల్సింది తాలు లెక్క

యశ్వంతపూర్ యార్డు నుంచి సన్నబియ్యం తెచ్చుకునే బెంగళూరు తెలుగిళ్లలోనూ ఇప్పుడు కమల వరి మాట నలుగుతోంది. సాంబ మసూరిలో ఒక జన్యువును సవరించి తెచ్చిన ఈ రకం, చెప్పినంత దిగుబడి నిజంగా ఇస్తుందా అన్నదే వివాదం. సాంబ మసూరి (బీపీటీ 5204) 1986లో బాపట్ల నుంచి వచ్చిన కథ అందరికీ తెలిసిందే. మొదలుపెట్టాల్సింది 2005 నుంచి.

ఆ ఏడాది జపాన్‌లో నగోయా యూనివర్సిటీకి చెందిన అషికారి బృందం హబటాకి, కొషిహికారి రకాలను సంకరం చేసి, ఒకటో క్రోమోజోమ్ మీద జీఎన్1ఏ జన్యువును పట్టుకుంది. కణాలు విభజన చెందేలా చేసే మొక్క హార్మోను సైటోకైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసేది ఇదే. దీని పని తగ్గితే వెన్ను రూపుకట్టే చోట సైటోకైనిన్ నిలిచి గింజలు పెరుగుతాయి. 2006లో జీఎస్3, 2007లో జీడబ్ల్యూ2 అనే జన్యువులు దొరికినా అవి గింజ పొడవు, వెడల్పులను మార్చేవి. సాంబ మసూరికి వాటితో పనిలేదు. వెయ్యి గింజలు 15 గ్రాములకు అటూ ఇటూ తూగే రకాన్ని లావు చేస్తే మిల్లరు సన్నాల ధర ఇవ్వడు. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో జీఎన్1ఏనే సవరించింది అందుకే కాబోలు.

2022 మార్చిలో కేంద్రం పరాయి జన్యువు మిగలని ఇలాంటి సవరణలకు జన్యుమార్పిడి (జీఎం) పంటల నిబంధనల నుంచి మినహాయింపునిచ్చింది. 2025 మే 4న కమలను ప్రకటిస్తూ దిగుబడి 19 శాతం ఎక్కువని, 15-20 రోజులు ముందే కోతకొస్తుందని చెప్పారు. అక్టోబరులో జీఎం వ్యతిరేక కూటమి, కొన్ని చోట్ల కమల మాతృరకమైన సాంబ మసూరిని దాటలేదని ట్రయల్ నివేదికలే చూపుతున్నాయంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఆ ఆరోపణలను ఖండించింది.

ఖండన సరే, ట్రయల్ పట్టికల్లోని కాలమ్‌లు చూడాలి. ఉదాహరణకు వెన్నుకు 200 గింజలు, 85 శాతం పాలుపోసుకుంటే నిండేవి 170. గింజలు 260కి పెరిగి 65 శాతమే నిండితే 169. పొలంలో వెన్ను బరువుగా కనిపించినా, కళ్లంలో తాలు ఎగిరిపోతుంది. ముందు దెబ్బతినేవి వెన్ను అడుగున, ఉపకొమ్మల మీద ఆలస్యంగా పూసే గింజలు. వాటికి పిండిపదార్థం అందేలోపు ఆకు ఎండిపోతుంది. పంటకాలం కూడా తగ్గితే నింపే వ్యవధి ఇంకా కుదించుకుపోవచ్చు. 2005 పరిశోధన గింజల సంఖ్యను వివరిస్తుంది, పంటకాలం ఎందుకు తగ్గిందో కాదు.

కాబట్టి చదరపు మీటరుకు వెన్నులు, వెన్నుకు నిండిన గింజలు, 14 శాతం తేమ దగ్గర వెయ్యి గింజల బరువు కేంద్రాలవారీగా, మాతృరకం పక్కనే పెట్టి చూపాలి. సగటు 19 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మూడు అంకెల్లోనే ఉంటుంది.