ప్లాను 200, వేగం 95: అడ్డు ఎక్కడుంది?

అనంతపురం సాయినగర్‌లోనైనా కమలానగర్‌లోనైనా, 200 ఎంబీపీఎస్ ప్లానుకు డబ్బు కట్టి, కంప్యూటర్‌కు వైరు పెట్టి కొలిస్తే 95 దగ్గర ఆగిపోయిందనుకోండి. అందరూ ముందు అనుమానించేది కేబుల్ ఆపరేటర్‌నే. లైను సరిగా లేదంటారు, వేగం దాచుకున్నాడంటారు. కానీ ఎన్నిసార్లు కొలిచినా అదే అంకె వస్తుంటే, సాధారణంగా దోషం లైనుది కాదు. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ పోర్టులో (కంప్యూటర్ వైరు గుచ్చే చోట), డేటా ముక్కలకు తగిలించే చిరునామాల వంటి అదనపు భారం పోగా మిగిలేది దాదాపు అంతే.

ఇంటికి వచ్చే గాజు తీగకు (ఫైబర్‌కు) ఆ పరిమితి లేదు. 2003లో ప్రమాణంగా వచ్చిన జీపాన్ అనే, ఒకే గాజు తీగను చాలా ఇళ్లకు పంచే పద్ధతిలో ఒక్కో తీగ మీద ఇళ్లవైపు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు (2,500 ఎంబీపీఎస్), తిరుగు దిశలో 1.25 గిగాబిట్లు నడుస్తాయి. వెలుగును చీల్చే స్ప్లిటర్ దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి ఆ పంపకం మామూలుగా సరిపోతుంది. ఇబ్బంది గోడకు బిగించిన ఓఎన్‌యూ (గాజు తీగలోని వెలుగును మన వైరుకు తగ్గట్టు మార్చే) పెట్టెకు రెండో వైపున, మన వైరు గుచ్చే చోట ఉంది.

100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ 1995 నాటిది. రాగి తీగ మీద గిగాబిట్ 1999లోనే వచ్చింది. అయినా ధర తగ్గించడానికి చాలా పెట్టెల్లో, రౌటర్లలో పాత పోర్టులే కొనసాగాయి. అప్పటి అవసరాన్ని బట్టి అది తప్పు కాదు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయల ప్లానులో వేగం 15 ఎంబీపీఎస్. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి అంత చవకగా ఇవ్వడం నిజంగా పెద్ద పని. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి అప్పటికి 512 కేబీపీఎస్ (సుమారు అర ఎంబీపీఎస్) చాలు. 2023లో గానీ దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచలేదు. ఆ రోజుల్లో వంద పోర్టు ఎవరికి తక్కువనిపిస్తుంది?

ఆ తర్వాత ప్లాన్లు 100 దాటాయి. ప్లాను మార్చడం ఆఫీసు కంప్యూటర్‌లో నిమిషం పని. పెట్టె మార్చాలంటే ఖర్చు, ఇంటికి మనిషి రావాలి. అందుకే అంకె పెరిగినా పాత పెట్టె కదలని ఇళ్లున్నాయి. ఇది అన్యాయమని నా అభిప్రాయం. పోర్టు వేగం చెప్పకుండా పెద్ద ప్లాను అమ్మకూడదు.

రౌటర్ అట్ట మీది అంకెలు మరింత తప్పుదారి పట్టిస్తాయి. 300 ఎంబీపీఎస్ అని రాసిన చవక రౌటర్లలో ఆ 300 వైఫై సైద్ధాంతిక వేగం. వాటిలో చాలావాటికి వెనక పోర్టులన్నీ వందవే. వైఫై ఎంత ఉన్నా లోపలికి వచ్చేది వందకు మించదు.

కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ వేగం 100 అని చూపిస్తే ముందు వైరు మార్చి చూడండి. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి. ఒకటి తెగినా వేగం 100కు పడిపోవచ్చు. కొత్త వైరుతోనూ మారకపోతే, కంప్యూటర్ పోర్టు గిగాబిట్‌దేనని చూసుకుని, గిగాబిట్ పోర్టున్న పెట్టె ఇమ్మని ఆపరేటర్‌ను అడగండి.