కిరసనాయిలు వాసన

మా పెద్దమ్మ ఇంట్లో కిరసనాయిలు స్టవ్ ఉండేది కాదు. రేషన్ కార్డు మీద వచ్చే కిరసనాయిలు కూడా ఎదురింటివాళ్లకు ఇచ్చేసేది. గ్యాసు వచ్చేదాకా కట్టెల పొయ్యి ఊదుకుంటూనే వండింది. కరెంటు పోయి ఎవరైనా లాంతరు వెలిగిస్తే లేచి పెరట్లోకి వెళ్లి అరగంట వరకు లోపలికి వచ్చేది కాదు. మొండి మనిషి అనుకునేవాళ్లం. ఆమె మంచం కింద ఎప్పుడూ ఒక కొబ్బరి తాడు చుట్ట ఉండేది. దండేనికని ఎవరైనా దాన్ని తీశారంటే ఆ రోజు ఇల్లంతా అరుపులే.

ఆమె కాపురం నాగాయలంక దగ్గర ఒక పల్లెలో. 1977 నవంబర్ 19 శనివారం దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్లు దాదాపు 10 వేల మంది. కళ్లారా చూసినవాళ్లు ఆ అంకెను ఈనాటికీ ఒప్పుకోరు. పెదనాన్న మంచం నులక విప్పి పెద్దమ్మను తాటిచెట్టుకు కట్టేశాడు. ఆమె బతికింది. చంకలో ఉన్న పిల్లాడు దక్కలేదు. నీళ్లు తీశాక శవాలను ఎక్కడికక్కడ కుప్పలు వేసి కిరసనాయిలు పోసి తగలబెట్టారు. ఇదంతా మాకు తెలిసేసరికి 30 ఏళ్లు దాటిపోయాయి. ఆ పిల్లాడి పేరు ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నలుగురిలో ఏడవలేదు. ‘గట్టి మనిషి’ అని ఊరంతా మెచ్చుకుంది.

ట్రామా అనే గ్రీకు మాటకు అర్థం గాయం. మనవాళ్లు ఎప్పటినుంచో వాడే మాట దడుపు. పిల్లాడు రాత్రుళ్లు ఉలిక్కిపడుతుంటే, అన్నం ముట్టకపోతే ‘దడుసుకున్నాడు’ అని మసీదు దగ్గరికి తీసుకెళ్లి తాయెత్తు కట్టిస్తారు. తాయెత్తు సంగతి ఎలా ఉన్నా, భయపెట్టింది వెళ్లిపోయాక కూడా భయం ఒంట్లో ఉండిపోతుందని మన అమ్మమ్మలు సరిగ్గానే పసిగట్టారు.

అది ఎలా ఉండిపోతుంది? మెదడులో లోపలివైపు బాదం గింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంది. ప్రమాదం ఎదురైతే మనం ఆలోచించేలోపే ఒంటిని కదిలించేది అదే. దాని పక్కనే ఉండే హిప్పోకాంపస్ ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత ఏది అనే వరసను కూర్చిపెడుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అడ్రినలిన్, నారడ్రినలిన్ అనే హార్మోన్లు ఒక్కసారిగా ఎగదన్నుతాయి. ఆ క్షణాన తగిలిన వాసన, చెవిన పడిన హోరు, కాళ్ల కింది బురద మామూలుకంటే ఎంతో లోతుగా నాటుకుంటాయి. వాటిని ఫలానా రోజుకు, ఫలానా చోటుకు ముడివేసే పని మాత్రం సరిగా జరగదని ఎక్కువమంది పరిశోధకులు చెప్పే వివరణ. అందుకే ఏళ్ల తర్వాత అదే వాసన తగిలితే పాత సంగతి గుర్తొచ్చినట్టు ఉండదు. ఇప్పుడే, ఈ గదిలోనే జరుగుతున్నట్టు ఉంటుంది. చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. పైగా వాసనది దగ్గరి దారి. చూసినవీ విన్నవీ థాలమస్ అనే కూడలి దాటి రావాలి. ముక్కు నుంచి బయల్దేరిన కబురు ఆ కూడలికి వెళ్లకుండానే అమిగ్డలాను చేరుతుంది. ‘ఇది లాంతరే, ఏం కాదు’ అని నచ్చజెప్పాల్సింది నుదుటి వెనక ఉన్న మెదడు భాగం. ఈ బాధ ముదిరినవాళ్లను స్కాన్ చేసి చూస్తే చాలామందిలో ఆ భాగం మందగించి, అమిగ్డలా అవసరానికి మించి రేగుతూ కనిపించింది.

పెద్దమ్మ పెరట్లోకి పారిపోవడాన్ని మొండితనం అన్నాం. ఇంకొన్నిచోట్ల దీనికి పెట్టిన పేరు పిరికితనం. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నుంచి వచ్చిన సైనికులు వణికిపోవడం, మాట పడిపోవడం, రాత్రుళ్లు కేకలు పెట్టడం డాక్టర్లు చూశారు. చార్లెస్ మయర్స్ 1915లో ‘షెల్ షాక్’ అనే మాటతో లాన్సెట్ పత్రికలో దాని గురించి రాశాడు. అయినా విధి వదిలి పారిపోయారని, పిరికితనం చూపారని, ఇంకా అలాంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం తన సొంత సైనికులను కాల్చి చంపింది. అలా చనిపోయినవాళ్లలో 306 మందికి 2006లో క్షమాభిక్ష ప్రకటించారు. వాళ్లలో ఎంతమంది నిజానికి జబ్బుమనుషులో ఇప్పుడు తేల్చే దారి లేదు. ఈ బాధ పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే పేరుతో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాలోకి ఎక్కింది 1980లో, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు పట్టుబట్టి అడిగాక. అంటే దివిసీమ ఉప్పెన నాటికి దానికి ఆ పేరే లేదు.

భోపాల్ నాటికి పేరైతే ఉంది. 1984 డిసెంబర్‌లో విషవాయువు పీల్చినవాళ్లకు ఊపిరితిత్తులూ కళ్లూ చూశారు. తర్వాత నెలల్లో మానసిక వైద్యులు వెళ్లి, క్లినిక్కులకు వచ్చినవాళ్లను పరీక్షిస్తే ఐదో వంతుకు పైగా మానసికంగా చితికిపోయి ఉన్నారు. దగ్గుకు మందు తీసుకుని ఇంటికెళ్లి రాత్రంతా మేలుకుని కూర్చునేవాళ్లు వాళ్లే.

ఆపద చూసిన ప్రతివాళ్లకూ ఇలా అవుతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘోరాన్ని ఎదుర్కొనేవాళ్లు 70 శాతం దాకా ఉంటే, వాళ్లలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికి. మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం చాలామందికి ఉంటాయి, మెల్లగా సర్దుకుంటాయి. నెల దాటినా తగ్గకుండా రోజువారీ పనులకు అడ్డొస్తుంటే అప్పుడు జబ్బు అంటారు. మరి కొందరికే ఎందుకు? 2002లో అచ్చుగుద్దినట్టుండే కవలలపై ఒక అధ్యయనం వచ్చింది. ఇద్దరిలో ఒకరు వియత్నాం వెళ్లారు, ఒకరు వెళ్లలేదు. తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్న సైనికుల్లో హిప్పోకాంపస్ చిన్నదిగా ఉంది. యుద్ధం ముఖమే చూడని కవల సోదరుల్లో కూడా అది చిన్నదిగానే ఉంది! గాయం మెదడును మారుస్తుందనే మాట ఎంత నిజమో, ఆ గాయాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే అందరికీ ఒకేలా ఉండదనే మాటా అంతే నిజం. ఆ తర్వాత దక్కే ఆసరా కూడా తేడా తెస్తుంది. ‘వాడు తట్టుకున్నాడు, నీకేమైంది’ అని అడగడం ఎంత అన్యాయమో ఆ కవలలను చూస్తే తెలుస్తుంది.

చిన్నప్పటి దెబ్బలు ఇంకా దూరం వస్తాయి. 1998లో అమెరికాలో 17 వేల మందికి పైగా జనంతో చేసిన పరిశీలన ఫలితాలు రావడం మొదలైంది. ఇంట్లో కొట్లాటలు, తాగుడు, లైంగిక హింస లాంటివి నాలుగు రకాలో అంతకు మించో చిన్నతనంలో చూసినవాళ్లకు పెద్దయ్యాక కుంగుబాటు, ఆత్మహత్యా యత్నాలు ఎక్కువ. గుండె జబ్బులు కూడా ఎక్కువే.

‘మర్చిపో’ అని చెప్పేవాళ్లది చెడ్డ మనసు కాదు. కానీ ఆ మాట పనిచేయదు. అలాగని వెంటనే కూర్చోబెట్టి ‘జరిగిందంతా చెప్పు’ అని గుచ్చిగుచ్చి అడగడమూ తప్పే. ఆపద జరిగిన రోజుల్లోనే ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. దాంతో మేలు లేదని, కొందరికి కీడు కూడా జరుగుతుందని పరీక్షల్లో తేలింది. మొదటి నెలలో నిద్ర కోసం బెంజోడయాజిపైన్ మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. అప్పుడు కావాల్సింది పొడి బట్టలు, వేడి అన్నం, తప్పిపోయినవాళ్ల కబురు, తనంతట తను మాట్లాడితే వినే ఒక మనిషి.

పెద్దమ్మకు అలాంటి మనిషి 55వ ఏట దొరికింది. నిద్ర పట్టడం లేదని విజయవాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఊరి పేరు వినగానే ఆవిడ బీపీ పట్టీ పక్కన పెట్టి, ‘ఉప్పెన రోజు మీరెక్కడున్నారమ్మా?’ అని అడిగింది. పెద్దమ్మ ఆ రోజు చెప్పలేదు. మూడోసారి వెళ్లినప్పుడు చెప్పింది. తర్వాత వారాల తరబడి అదే కథ మళ్లీమళ్లీ చెప్పించింది ఆవిడ. ఎడ్నా ఫోవా అనే మనస్తత్వవేత్త తీర్చిదిద్దిన పద్ధతి ఇది. తప్పించుకు తిరుగుతున్న దానికి, ప్రమాదం లేని చోట, కొద్దికొద్దిగా ఎదురెళ్లడం. అందరూ చివరిదాకా నిలబడలేరు. పాత భయం చెరిగిపోదు కూడా, దాని మీద కొత్త నమ్మకం ఒకటి పేరుతుంది. అందుకే గాలివాన హెచ్చరిక వచ్చిన రాత్రి పెద్దమ్మ ఇప్పటికీ పడుకోదు. తాడు మంచం కిందే ఉంది.

(ఇది చదువుతుంటే ఇంట్లో ఎవరైనా గుర్తొస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.)

కిరసనాయిలు సంగతి చివర్లో వచ్చింది. మొదటి వారం మూత బిగించిన సీసాను వరండా చివర పెట్టి చూస్తూ కూర్చోవాలి. ఆ తర్వాతి వారం నా చేతిలో పట్టుకుంటే దూరం నుంచి చూసింది. ఐదో వారమో ఆరో వారమో మూత తీశాను. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్తంభాన్ని పట్టుకుంది. లోపలికి వెళ్దామా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. చాలాసేపటికి కొంగు దించి, సీసా దగ్గరికి వచ్చి, వాసన చూసి అంది: ‘కిరసనాయిలేగా, అమ్మడూ.’