జబ్బు కనిపించని పశువులో సాల్మొనెల్లా

నీళ్లలా పారుకుంటూ, జ్వరంతో తల వాల్చేసిన దూడను చూస్తే జబ్బు చేసిందని ఎవరికైనా తెలుస్తుంది. సాల్మొనెల్లా విషయంలో నాకు ఎక్కువ భయం దాని పక్కన మామూలుగా మేత మేస్తున్న ఆవు గురించే. మందలో ఈ బ్యాక్టీరియా ఏళ్ల తరబడి నిలిచిపోయేది చాలాసార్లు అలాంటి పశువుల్లోనే.

1885లో అమెరికాలో పశువైద్యుడు డేనియల్ సాల్మన్ దగ్గర పనిచేస్తున్న థియోబాల్డ్ స్మిత్, జబ్బుపడిన పందుల నుంచి దీన్ని వేరుచేశాడు. పందులను ఊడ్చిపెట్టేస్తున్న హాగ్ కాలరాకు ఇదే కారణమని అప్పట్లో నమ్మారు. అసలు కారణం ఒక వైరస్ అని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తేలింది. వైరస్ వల్ల నీరసించిన పందుల్లో సాల్మొనెల్లా అదను చూసి విజృంభించిందన్నమాట. దీని తీరే అంత: ఒంట్లో సద్దుమణిగి ఉండి, పశువు బలహీనపడగానే పైకి లేస్తుంది.

ఇందులో 2,500కు పైగా రకాలున్నాయి. డబ్లిన్ రకం ముఖ్యంగా ఆవులను పట్టుకుంటుంది, కొలరేసూయిస్ పందులను, గల్లినారం, పుల్లోరం కోళ్లను. టైఫిమ్యూరియం లాంటివి మాత్రం పశువు, పక్షి, మనిషి అని తేడా చూడవు.

పేగుల్లో ఇది చేసే పని తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. అక్కడ అప్పటికే లెక్కలేనన్ని మంచి బ్యాక్టీరియా ఉంటాయి, కొత్తగా వచ్చినదానికి చోటు దొరకడం కష్టం. సాల్మొనెల్లా పేగు గోడలోకి చొరబడి వాపు పుట్టిస్తుంది. దాన్ని చంపడానికి తెల్ల రక్తకణాలు వచ్చి ఘాటైన రసాయనాలు వదులుతాయి. ఆ రసాయనాల వల్ల పేగుల్లోని ఒక గంధక పదార్థం టెట్రాథయోనేట్‌గా మారుతుంది. ఆక్సిజన్ లేని చోట సాల్మొనెల్లా దీన్ని వాడుకుని శ్వాసిస్తుంది. చుట్టూ ఉన్న బ్యాక్టీరియాలో ఎక్కువ వాటికి ఆ వీలు లేదు, అందుకే అవి వెనకబడిపోతాయి. శరీరం చేసే పోరాటమే శత్రువుకు ఊపిరి పోస్తోందని 2010లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో బయటపడింది.

కొన్ని బ్యాక్టీరియా మరో దారి పడతాయి. తమను మింగిన రక్షణ కణాల లోపలే చావకుండా బతికి, లింఫు గ్రంథుల్లో దాక్కుంటాయి. డబ్లిన్ రకం సోకి కోలుకున్న ఆవు జీవితాంతం దాన్ని మోయవచ్చు. ఈనే సమయంలో, లారీలో దూర ప్రయాణం చేసినప్పుడు, మేత లేక నకనకలాడినప్పుడు, అంటే ఒంటి మీద ఒత్తిడి పడినప్పుడల్లా బ్యాక్టీరియా పేడలోకి, ఒక్కోసారి పాలలోకి వస్తుంది. అప్పుడు దెబ్బ తగిలేది ముఖ్యంగా రెండు నుంచి ఆరు వారాల దూడలకు. చూడి ఆవులైతే ఈసుకుపోవచ్చు, అంటే గర్భస్రావం కావచ్చు. పేడలో బ్యాక్టీరియా రోజూ కనిపించదు. ఒక్క పరీక్షలో లేదని వస్తే పశువు శుభ్రంగా ఉందని నమ్మేయడం నాకు తొందరపాటుగానే అనిపిస్తుంది.

కోళ్ల కథ ఇంకా చిక్కు. పుల్లోరం వల్ల పిల్లలు తెల్లగా పారుకుని చనిపోతాయి. ఇది ముఖ్యంగా తల్లి కోడి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుంది కాబట్టి, రక్తపరీక్షలో దొరికిన కోళ్లను తీసేస్తూ చాలా దేశాలు పెద్ద ఫారాల నుంచి దాన్ని తరిమేశాయి. 1980లలో ఎంటెరిటిడిస్ అనే మరో సాల్మొనెల్లా రకం వ్యాపించింది. ఇది పెట్ట అండాశయంలో చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డులోకి వెళ్లగలదు. పెట్ట మాత్రం చాలావరకు హుషారుగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. చూపుతో ఏరడానికి జబ్బు కోడే ఉండదు. అందుకే టీకాలు, దాణా శుభ్రత, ఎలుకల నివారణ మీద ఆధారపడాల్సి వచ్చింది.

ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రాంటాలా 1973లో ప్రకటించిన ఉపాయం నాకు చాలా ఇష్టం. హ్యాచరీలో పొదిగిన పిల్లలకు తల్లి దగ్గర ఉండదు, పేగులు దాదాపు ఖాళీ. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాను పిల్లలకు తాగిస్తే, సాల్మొనెల్లా వచ్చేసరికి చోటు నిండిపోయి ఉంటుంది.

యాంటీబయాటిక్స్ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేయవచ్చు. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిన దూడకు అవి ప్రాణం నిలుపుతాయి, అక్కడ వెనకాడకూడదు. మామూలు విరేచనాలకు అలవాటుగా వాడితే మాత్రం మంచి బ్యాక్టీరియా పోయి, మందులకు లొంగని రకాలు మిగులుతాయి. ఆపరేషన్ అయి యాంటీబయాటిక్స్ మీద ఉన్న గుర్రాల్లో సాల్మొనెల్లా తలెత్తడం పశువైద్యులకు కొత్త కాదు.

ఇంట్లో పెంచుకునే జంతువులకూ ఇదంతా వర్తిస్తుంది. పచ్చి మాంసం తినే కుక్క ఏ లక్షణమూ లేకుండా మలంలో సాల్మొనెల్లాను వదలగలదు. తాబేళ్లు, బల్లుల్లాంటి సరీసృపాల పేగుల్లో అది సహజంగానే ఉంటుంది. పిల్లలకు జబ్బు చేస్తోందని అమెరికా 1975లో నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. వాటి తొట్టిని వంటింటి సింకులో కడగకూడదు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వాటిని పెంచకపోవడమే మేలు.